అచ్చాయమ్మ ఆకెత్తిన రోజు

అచ్చాయమ్మ చేతి పులుసన్నం తిని పడవెక్కినవాళ్ళు అవతలి ఒడ్డు చేరేదాకా వేళ్ళు వాసన చూసుకుంటూనే ఉండేవాళ్ళంట. ఆవిడది పూటకూళ్ళ ఇల్లు. డబ్బు తీసుకుని బాటసారులకి తిండీ, పడకా ఇచ్చే ఇల్లన్నమాట. ఇప్పుడు రేవుకెళ్ళే దోవలో పాలకేంద్రం ఉంది చూడండి, సరిగ్గా ఆ చోటే. నేను చూళ్ళేదు, మా నాయనమ్మ చూసింది. మా నాయనమ్మ ఆ ఇంట్లో పప్పు రుబ్బేది, అంచేత ఇందులో నేను కల్పించింది ఏమీ లేదు, కల్పించి ఉంటే ఆవిడే కల్పించి ఉంటుంది. తొడిమలు తీస్తూ వినండి, చేతులాపితే రామకోటి కూలి కోస్తాడు, మిరపకాయలు ఆయనవి. అప్పట్లో ఏమంటే, కృష్ణకి ఇటుపక్క ఇంగ్లీషువాళ్ళ రాజ్యం, అటుపక్క నిజాం రాజ్యం. ఏరొకటే, నీళ్ళొకటే, చేపలు కూడా అవే, డబ్బు మాత్రం వేరు. ఇటు చెల్లేది కల్దారు రూపాయి, అటు చెల్లేది హాలీ రూపాయి. మన కొండమీద దేవుడికి మొక్కుకునేవాళ్ళంతా అటువైపు వాళ్ళు. అవతల గుట్టమీద దేవుడికి మొక్కుకునేవాళ్ళంతా ఇటువైపు వాళ్ళు. ఎవరి దేవుడు వాళ్ళ ఒడ్డునే ఉంటే పడవ నడిపే ముత్తయ్యకి బువ్వెలా అని ఆ దేవుళ్ళే అనుకుని ఉంటారు.

సరే, ఏరు దాటి వచ్చినవాడు అచ్చాయమ్మకి డబ్బులివ్వాలి. వాడి దగ్గరున్నవి హాలీలు. ఆవిడకి బియ్యం పోసే షావుకారు హాలీ ముట్టుకోడు, అంచేత ఆవిడా ముట్టుకోదు. మరి మార్చేదెవరు? వట్టం వీరాస్వామి. నాణెం మార్చినందుకు కోసుకునేదాన్ని అప్పట్లో వట్టం అనేవాళ్ళులే. రామకోటీ, నువ్వు తలెత్తక్కర్లేదు, మీ ముత్తాత సంగతి నీకు తెలిసిందే. ఆయన రేవు గట్టుమీద తాటాకు గొడుగు కింద, ఓ నల్లరాయి ముందేసుకుని కూచునేవాడంట. రూపాయిని ఆ రాయిమీద పడేసి మోగించి, చెవి ఒగ్గి విని, ‘ప్చ్’ అనేవాడంట. ఏ రూపాయి మోగినా ప్చ్ అనే అనేవాడు. సర్కారు కట్టిన లెక్క ఏడు హాలీలకి ఆరు కల్దార్లు. అది కచేరీలో గోడకి అంటించిన లెక్క. తాలూకా దాకా నడిచెళ్ళి, గుమాస్తా భోజనం చేసి నిద్ర లేచేదాకా కాసుకుని కూచుంటే దొరికేది. రేవులో లెక్క వేరు. ఏడు హాలీలు తీసుకుని వీరాస్వామి ఐదు కల్దార్లిచ్చేవాడు. పడవ నిండుగా వచ్చిందనుకో, నాలుగే. పోనీ ఇటువాళ్ళు అటు వెళుతూ ఆరు కల్దార్లిచ్చి హాలీలు అడిగారనుకో, ఏడు రావాలి కదా, ఐదు చేతిలో పెట్టేవాడు. అటునుంచి వచ్చినవాడితో ‘హాలీ పడిపోయింది నాయనా’ అనేవాడు. ఇటునుంచి పోయేవాడితో ‘కల్దారు పడిపోయింది నాయనా’ అనేవాడు. ఒకే పూట, ఒకే గొడుగు కింద. రెండూ ఒకేసారి ఎలా పడతాయయ్యా అని ఎవరూ అడగలా. ఎందుకంటే వీళ్ళు దిగేటప్పుడు వాళ్ళు ఎక్కుతుంటారు, ఎవరి మూట వాళ్ళది, ఎవరి తొందర వాళ్ళది.

అచ్చాయమ్మ ఇంటికి కొన్ని పద్ధతులుండేవి. మొదటిది చెంబు. వచ్చినవాళ్ళు తమ చెంబు ఆవిడకిచ్చి లోపలికి రావాలి. వంటింటి అటకమీద వరసగా పెట్టేది. డబ్బిచ్చాకే చెంబు దించేది. తలుపుకి తాళమేసినా గోడ దూకేవాడు దూకుతాడు గానీ, చెంబు వదిలేసి ఏ మొగాడు ఇంటికెళతాడు? ఇంటావిడకేం చెబుతాడు? రెండోది, విస్తరాకు ముందు కూచున్నాక డబ్బు మాట ఎత్తకూడదు. ఆవిడ అత్తగారి హయాంలో ఎవరో తింటూ తింటూ లెక్కెంతయిందని అడిగాడంట, ఆ పెద్దావిడ చెప్పిందంట, ముద్ద గొంతుకి అడ్డం పడిందంట. బతికాడులే. కానీ అప్పణ్ణించీ అది పద్ధతైపోయింది. మూడోది అన్ని ఇళ్ళలోనూ ఉన్నదే, బంతిలో ఆఖరివాడు తినేదాకా ఎవరూ లేవకూడదు. మొగాళ్ళ బంతి లేచాక, ముత్తయ్యకి బువ్వ సద్ది రేవుకి పంపేవాళ్ళు. అది మా నాయనమ్మ పని. ఇంకో మాట చెప్పాలి, ఆ రెండో పద్ధతి మీద అచ్చాయమ్మకంటే వీరాస్వామికి పట్టింపెక్కువ. మధ్యాన్నం ఆయనా అక్కడే తినేవాడు, బంతి నడిమధ్య కూచుని. ఎవరన్నా నోరు జారి ‘ఏందయ్యా ఈ మారకం’ అన్నారో లేదో, ‘అన్నం ముందు ఆ మాటేంది, తప్పు తప్పు’ అని లెంపలేసుకునేవాడంట. అంత భక్తి.

ఆ ఏడు వానలు ముందే పడ్డాయి. నిజాం వైపు నుంచి బాలనర్సు అని ఒక నేతపనాయన, ఆయన పెళ్ళాం మల్లవ్వ వచ్చారు. ఎందుకొచ్చారంటే, వాళ్ళకి సత్తెమ్మ అని ఒకతే కూతురు. ఆ పిల్లకి మొదటి కాన్పు పోయింది. రెండోది నిండు నెలలు. మన కొండమీద దోనలో, అదే ఆ రాతిగుంటలో, నీళ్ళు తెచ్చి, బిడ్డ పుట్టగానే మొదటి స్నానంలో కలుపుతామని మల్లవ్వ మొక్కుకుందంట. వెళ్ళిరావడం ఎంతసేపులే అనుకుని పిల్లని తోడికోడలికి అప్పజెప్పి బయల్దేరింది. కొండెక్కారు, మల్లవ్వ పుట్టింటి రాగిచెంబు నిండా నీళ్ళు పట్టారు, మూతికి పసుపుగుడ్డ కట్టారు, దిగొచ్చి తిరుగుదోవలో అచ్చాయమ్మ ఇంట్లో బస చేశారు. చెంబు అటకెక్కింది. వచ్చేటప్పుడు రేవులో మార్చుకున్న కాసిని కల్దార్లు కొబ్బరికాయలకీ, హుండీకీ సరిపోయాయి. ఇంకేముంది, బాలనర్సు జాలెసంచీ నడుముకి బిగించి వీరాస్వామి గొడుగు కిందకి పోయాడు. ఆ రోజు పడవ నిండుగా వచ్చింది. వీరాస్వామి హాలీ మోగించి, ప్చ్ అని, ఏడుకి నాలుగు అన్నాడు. బాలనర్సు పోగు పోగూ లెక్కపెట్టి బతికే మనిషి, కళ్ళు తిరిగినయ్. ‘గిదేం లెక్కనయ్యా, మొన్న ఐదిచ్చినవ్ గద’ అన్నాడు. మొన్న మొన్నే నాయనా, అన్నాడు ఈయన. మరి రేపు ఐదైతదా? రేపటి సంగతి రేపే చెప్పాలి. అయితే రేపటిదాంక ఉంట, అని బాలనర్సు వెనక్కొచ్చాడు. మల్లవ్వ నెత్తి కొట్టుకుంది. ‘ఉన్నకొద్దీ తిండి పైసలు పెరగవా? పిల్లకు నెలలు నిండినయ్, పోదాం పా’ అంది. ఊకో, రేపు ఐదిస్తడు, అన్నాడాయన. అలా ఒక రూపాయి పోకుండా కాపాడుకోవాలని కూచుని రెండు రూపాయల అన్నం తిన్నారనుకోండి. మర్నాడూ నాలుగే. ఆ మర్నాడూ నాలుగే. అప్పటికి బాలనర్సు వెనక్కి తగ్గాలన్నా తగ్గలేడు, తగ్గితే మొదటి రోజే ఎందుకు తగ్గలేదని మల్లవ్వ అడుగుతుంది. నాగరత్నం, నవ్వకు, మీ ఆయన ఎడ్లు అమ్మడానికి ఎన్ని సంతలు తిరిగాడో ఊరంతా చూసింది.

అదే ఇంట్లో అదే వసారాలో ఇంకో జంట ఉంది. తెనాలి వైపు పసుపు పండించే ఆసామి పేరయ్య, ఆయన భార్య దుర్గాంబ. వాళ్ళు అవతల గుట్టకి పోవాల్సినవాళ్ళు. పేరయ్య మూటలో అన్నీ కల్దార్లే. కల్దార్లతోనే అటు పోతే అక్కడి పూటకూళ్ళవాళ్ళు కల్దారుని హాలీ కిందే కట్టుకుని ముంచుతారని చెప్పారంట. ఎవరు చెప్పారు? ఇంకెవరు, గొడుగు కిందాయనే. పోనీ హాలీలివ్వమంటే ఆరుకి ఐదంటాడు. పేరయ్యా రేపు చూద్దాం అనుకుని కూచున్నాడు. చూశారా, ఒకాయన సంచీలో హాలీలు, కల్దార్లు కావాలి. ఒకాయన మూటలో కల్దార్లు, హాలీలు కావాలి. ఇద్దరూ ఒకే అరుగుమీద పొద్దస్తమానం పక్కపక్కన కూచుని చుట్టలు కాల్చారు. పసుపు ఎంత లోతులో వెయ్యాలో మాట్లాడుకున్నారు, పంచె అంచు ఎలా నెయ్యాలో మాట్లాడుకున్నారు. ఒకసారి ఆ సంగతీ రాకపోలేదంట. ‘మీకు కల్దార్లకేం ఇబ్బంది లేదు కదా’ అని పేరయ్య అడిగాడు. ‘మాకేం ఇబ్బంది, దండిగున్నయ్’ అన్నాడు బాలనర్సు. మరి మీకు హాలీలకో, అని ఈయన అడిగాడు. ‘మాకా, అవతల మా వియ్యంకుడున్నాడండీ, ఎన్ని కావాలంటే అన్ని పంపిస్తాడు’ అన్నాడు పేరయ్య. ఇద్దరూ పెద్దమనుషులు. చేతిలో కావాల్సిన రూపాయి లేదని ఊరుగాని ఊళ్ళో ఎలా చెబుతారు? అచ్చాయమ్మకి తెలీదా అంటారేమో. ఆవిడకీ మొగాళ్ళు చెప్పిందే తెలుసు, ఇద్దరూ దండిగా ఉందనే చెప్పారు.

ఇలా ఉండగా ఏమైందంటే, కృష్ణ ఎర్రబడింది. పైన ఎక్కడో వానలు దంచాయి, పొద్దున్నే రేవు మెట్లు సగం మునిగాయి. పొద్దుటి పడవలో బాలనర్సు ఊరి మనిషే ఒకడు దిగాడు. దిగీ దిగగానే, ‘మల్లక్కా, నువ్వింకా ఈడనే ఉన్నవా? మీ సత్తెమ్మకు రాత్రి నుంచి నడుం గుంజుతుందంట’ అన్నాడు. ఇంతలో ముత్తయ్య గట్టెక్కి కేకేశాడు, మధ్యాన్నం పడవే ఆఖరు, ఆ పైన నీళ్ళు తీసేదాకా పడవ కట్టేస్తాను, పది రోజులవుతుందో నెలవుతుందో కృష్ణమ్మనే అడగండి, అని. అప్పుడు బాలనర్సుకి రూపాయి మీద పట్టుదల పోయింది. పరిగెత్తి గొడుగు కిందకి పోయాడు. వీరాస్వామికీ చెవులున్నాయి కదా, ఆఖరి పడవ సంగతి విన్నాడు. ఏడుకి మూడు అన్నాడు. అంటే ఏమయిందో చూడండి, ఇన్ని రోజుల తిండి లెక్కకి, సంచీలో ఉన్న హాలీలన్నీ కుమ్మరించినా ఆ ధరకి చాలవు. మొదటి రోజు నాలుగుకే మార్చుకుని ఉంటే చాలి, ఇంకా మిగిలేది. బాలనర్సు కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడంట. వీరాస్వామి ఆకాశం చూసి, ‘వాన నా చేతిలో ఉందా నాయనా’ అన్నాడంట. మల్లవ్వ అచ్చాయమ్మ దగ్గర కూలబడింది. అమ్మా, చెంబొక్కటియ్యి, దేవుని నీళ్ళున్నయ్ దాంట్ల, పైసలు మళ్ళ పంపిస్త, అని. అచ్చాయమ్మ రాతిగుండె మనిషేం కాదు. ఒకసారి ఇలాగే ఏడిస్తే ఇచ్చింది, ఆ మనిషి మళ్ళీ కనపళ్ళా. ఇంకోసారీ ఇచ్చింది. ఆ తరవాత బియ్యం షావుకారు వచ్చి ఆవిడ గుమ్మంలో అడ్డంగా కూచున్నాడు. ‘ముందు రెండు ముద్దలు తిను తల్లీ, పడవకింకా టైముంది’ అని మాత్రం అనగలిగింది.

ఆ రోజు ఇంకో చిక్కొచ్చింది. విస్తళ్ళు కుట్టే ఆకులు అవతలి అడివి నుంచి పడవలో రావాలి. వరదకి రాలా. ఉన్న నాలుగాకులూ మొగాళ్ళ బంతికి సరిపోయాయి. పడవ తొందర కదా అని, మొగాళ్ళ బంతి నడుస్తుండగానే ఆడవాళ్ళిద్దరినీ పెరటి చూరుకింద కూచోబెట్టి, పులుసన్నం కలిపి ముద్దలు చేసి చేతిలో పెడుతోంది అచ్చాయమ్మ. మా నాయనమ్మ రోటి దగ్గరుంది. మల్లవ్వ చేతిలో ముద్ద చేతిలోనే ఉంది, కళ్ళమ్మట ధారలు. దుర్గాంబ చూసి, ‘ఏమ్మా వదినా, తినవేం?’ అంది. ‘ఏం తింటనమ్మా. సంచినిండ రూపాయలున్నయ్, ఒక్కటి అక్కరకొస్తలేదు’ అంది మల్లవ్వ. అచ్చాయమ్మకి అలవాటు కదా, వెంటనే, ‘ఆకు ముందు డబ్బు మాట వద్దమ్మా, తప్పు’ అంది. మల్లవ్వ కిందికి చూసింది, ముద్దకేసి చూసింది, ‘ఆకేదమ్మా?’ అంది. అచ్చాయమ్మ గరిటె పట్టుకుని నిలబడిపోయింది. వీళ్ళ చేతులు చూసింది, వీళ్ళ ముందు నేల చూసింది. చూసి, పంచాయితీలో పెద్దమనిషి తీర్పు చెప్పినట్టు, ‘నిజమే. ఆకు లేదు. మాట్లాడుకోండి’ అంది. ఇంక చూడండి. రూపాయలుండీ అక్కరకి రాకపోవడమేంటి వదినా? హాలీలమ్మా, గీడ కల్దార్లు గావాలంట. దుర్గాంబ చేతిలో ముద్ద జారి కింద పడింది. ‘మీవి హాలీలా! మా ఆయన హాలీల కోసమే కదమ్మా ఇన్ని రోజులుగా ఈ వసారాలో గోళ్ళు కొరుక్కుంటున్నాడు!’ ‘అదేంది, మీ వియ్యంకుడు పంపిస్తడని చెప్పిండట గద?’ ‘మాకు పిల్లలే లేరు వదినా, వియ్యంకుడెక్కడ? ఉంటే ఈ వరదలో ఆ గుట్టకెందుకు పోతాం? మీ ఆయనకి కల్దార్లు దండిగా ఉన్నాయన్నాడంట?’ ‘ఉన్నయ్, మీ మూటల!’ అంది మల్లవ్వ. ఏడుస్తున్న మనిషి ఏడుస్తూనే నవ్వింది. అన్ని రోజులు అరుగుమీద తేలని లెక్క ముద్ద ఆరేలోపు తేలింది.

తేలింది గానీ, చెప్పాలి కదా. డబ్బు సంచులు మొగాళ్ళ నడుముల్లో ఉన్నాయి, మొగాళ్ళు ఆకుల ముందున్నారు. మల్లవ్వ గుమ్మం దాకా పరిగెత్తి ఆగిపోయింది. ఆకు ముందు కూచున్నవాళ్ళతో ఆ మాట ఎత్తకూడదు. పోనీ బంతి లేచేదాకా ఆగుదాంలే, అప్పటికే మజ్జిగలోకి వచ్చారు, ఎంతసేపని, అనుకుంది. అదుగో, అక్కడ తిరిగింది కథ. పెరటికీ బంతికీ మధ్య అడ్డం తడిక. తడికవతల వీరాస్వామి చెవి. రాయిమీద రూపాయి శబ్దాన్నే పట్టుకునే చెవి అది, ఆడవాళ్ళ మాట పట్టుకోదా? మజ్జిగన్నం కలుపుకున్నవాడు చెయ్యి ఆపాడు. ‘అచ్చాయమ్మా, కాస్త పప్పుందా?’ అన్నాడు. మజ్జిగలోంచి మళ్ళీ పప్పులోకి. కడుపునిండా పెట్టేదే పూటకూళ్ళ ఇల్లు, లేదని ఎలా అంటుంది? వేసింది. పప్పయ్యాక గోంగూరడిగాడు. గోంగూర అయ్యాక, పులుసు ముక్కలేమన్నా మిగిలాయా అన్నాడు. ఒక్కో మెతుకూ చేత్తో పట్టుకుని, దాని కులగోత్రాలు కనుక్కుని నోట్లో వేసుకుంటున్నట్టు తిన్నాడంట. పడవ వెళ్ళిపోయిందా, ఇంక వీళ్ళిద్దరూ ఎక్కడికీ పోలేరు, ఆయన ఎంతంటే అంత. పక్కన బాలనర్సు విస్తరి ఖాళీ, లేవడానికి లేదు. మల్లవ్వ గుమ్మంలోంచి కళ్ళతో సైగ చేసింది. బాలనర్సు ఆ సైగ చూసి, పాపం, దోవలో ఆకలేస్తుంది ఇంకాస్త తినమంటోంది అనుకుని, ‘ఇంత బువ్వెయ్యమ్మా’ అన్నాడంట. మొగాళ్ళకి సైగ చేయడం కంటే ఉత్తరం రాసి పోస్టులో వెయ్యడం నయం.

రేవు నుంచి ముత్తయ్య కేక ఒకటి వినపడింది. వీరాస్వామి ఎడంచేత్తో బొడ్డు నిమురుకుని, ‘అడుగున మాడు ఉంటే అది కూడా వెయ్యమ్మా, మాడంటే నాకు ప్రాణం’ అన్నాడు. అచ్చాయమ్మ గిన్నె కింద పెట్టింది. ఆయన ముందుకొచ్చింది. వంగింది. ఆయన ఆకు, అందులో గోంగూరతో సహా, నాలుగు మూలలూ మడిచి ఎత్తేసింది. తింటున్నవాడి ముందు నుంచి! మీకిప్పుడు ఈ బఫేల్లో తెలీదు గానీ, ఆ రోజుల్లో తింటున్నవాడి ఆకెత్తడమంటే తాళి కట్టేవాడి చెయ్యి పట్టుకుని లాగినట్టు. ఆవిడ అత్తగారి నాటినుంచి ఆ ఇంట్లో జరగని పని. బంతి బంతంతా నోళ్ళు తెరిచింది. వీరాస్వామి చెయ్యి ముద్ద కోసం నేలమీద వెతికిందంట. ‘అచ్చాయమ్మా, ఇది మర్యాద కాదు’ అన్నాడు. ‘కాదు బాబూ. ఇన్నాళ్ళూ మర్యాదే చేశాను’ అంది ఆవిడ. అని, ‘బంతి లేచింది, లేవండి’ అంది. అని, గుమ్మంలో మల్లవ్వ వంక తిరిగి, ‘ఆకులెత్తేశాను తల్లీ. ఇంక నీ ఇష్టం, నోరారా మాట్లాడుకో’ అంది. మా నాయనమ్మ చెప్పేది, ఆ ఆకు పెంటమీద పడేసి వచ్చాక ఆవిడ చేతులు కడుక్కున్నదే కడుక్కుందంట.

మల్లవ్వ, దుర్గాంబ ఇద్దరూ ఒకేసారి చెప్పేసరికి మొగాళ్ళిద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. వియ్యంకుడి సంగతి ఆయన అడగలా, దండి సంగతి ఈయన అడగలా. నడుముల్లోంచి సంచులు తీశారు. సర్కారు లెక్క, ఏడుకి ఆరు, అనుకున్నారు. అయిపోయిందా? అవలా. పేరయ్య ఒక హాలీ చేతిలోకి తీసుకుని, ‘మోగించి చూసుకోవద్దండీ?’ అన్నాడు. ‘నీ కల్దార్లు మోగియ్యి ముందుగాల’ అన్నాడు బాలనర్సు. మోగించడానికి రాయేది? ఇద్దరూ వీరాస్వామి వైపు తిరిగి, ‘ఏమండీ, ఆ నల్లరాయి ఒక్కసారి ఇప్పిస్తారా’ అని అడిగారంట. ఒట్టు, అడిగారంట. దుర్గాంబకి ఒళ్ళు మండింది. ‘పడవ పోయిందంటే ఆ రాయి ఇద్దరి మెళ్ళకీ కట్టి కృష్ణలో దింపుతాను, అక్కడ మోగించుకోండి’ అని సంచులు రెండూ లాక్కుంది. ఏడు ఇటు, ఆరు అటు, ఏడు ఇటు, ఆరు అటు, మల్లవ్వ వేసింది, దుర్గాంబ తీసింది. అచ్చాయమ్మ బాకీ తీరింది, ఇద్దరికీ ఇంకా మిగిలాయి. అచ్చాయమ్మ పీటెక్కి అటకమీద నుంచి రాగిచెంబు రెండు చేతుల్తో దించి, మల్లవ్వ చేతిలో పెట్టింది. పసుపుగుడ్డ ముడి వేసింది వేసినట్టే ఉంది. ‘పో తల్లీ, పో’ అంది.

ఇంక పరుగు. ముందు మల్లవ్వ చెంబు గుండెకి హత్తుకుని, వెనక దుర్గాంబ, వాళ్ళ వెనక మూటలతో మొగాళ్ళు, అందరికంటే వెనక ముత్తయ్య బువ్వకుండ నెత్తిన పెట్టుకుని మా నాయనమ్మ. వీరాస్వామి అడ్డం పడదామనుకున్నాడు గానీ, పప్పూ గోంగూరా పులుసూ పడ్డ పొట్టతో గోడ పట్టుకుని లేచేసరికే సగం పొద్దు పోయిందంట. గట్టుమీదకొచ్చి చూస్తే పడవ అక్కడే ఉంది! కట్టిన తాడు కట్టినట్టే ఉంది. ఎక్కినవాళ్ళు కూచుని తిడుతున్నారు. ముత్తయ్య గట్టుమీద మూతి ముడుచుకుని కూచున్నాడు. మల్లవ్వ, పడవ పోలేదా తమ్మీ, అంది. ముత్తయ్య ఆవిణ్ణి చూళ్ళేదు, మా నాయనమ్మ నెత్తిమీద కుండ చూశాడు. ‘ఏందే పిల్లా, మీ బంతి ఇవాళ లేస్తుందా లేవదా? ఎన్నిసార్లు కేకెయ్యాలి? ఉత్తకడుపుతో ఈ వరదలో గడేస్తాననుకున్నారా? బువ్వ రాందే తాడు విప్పేది లేదని చెప్పా, వీళ్ళంతా నన్ను తిడతన్నారు’ అన్నాడు. అదండీ సంగతి. మొగాళ్ళ బంతి లేస్తే గానీ ముత్తయ్యకి బువ్వ రాదు, బువ్వ వస్తే గానీ పడవ కదలదు. పడవ పోవాలని వీరాస్వామి తిన్న ప్రతి ముద్దా పడవని గట్టుకి కట్టేసిందనుకోండి. మామూలుగా తిని లేచి ఉంటే, ఆ సంచులు విప్పేలోపు ముత్తయ్య ఏటి మధ్యన ఉండేవాడు. మల్లవ్వ చెంబు పట్టుకుని అక్కడే ఇసకలో కూచుని నవ్విందంట, నవ్వీ నవ్వీ, ‘నిమ్మళంగ తిను తమ్మీ, నిమ్మళంగ తిను’ అందంట.

పడవ దాటింది. ఆ రాత్రికి వాళ్ళు ఊరు చేరారు, తెల్లారి సత్తెమ్మకి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా చల్లగా ఉన్నారు. చెంబులో నీళ్ళు చుక్క కారకుండా చేరాయి. ఇదంతా ఎలా తెలిసిందంటే, పేరయ్య చెప్పాడు. వరదలో అటు వెళితే ఇటు రావడమెలాగని ఆ మహానుభావుడు ఆలోచించలా, మారకం ఒక్కటే ఆలోచించాడు. గుట్టకెళ్ళి దణ్ణం పెట్టుకుని వచ్చేసరికి రేవు మూసేశారు. ఇంకెక్కడికి పోతారు, కృష్ణ తగ్గేదాకా బాలనర్సు ఇంట్లోనే ఉన్నారు. దుర్గాంబ ఆ పసిదానికి రోజూ నూనె రాసి నీళ్ళు పోసిందంట, ఒళ్ళోంచి దించేది కాదంట. బస చేసినందుకు బాలనర్సు పైసా తీసుకోలా. పెద్దమనసే అనుకోండి, కాకపోతే హాలీల్లో ఎంత, కల్దార్లలో ఎంత అని మళ్ళీ లెక్క వెయ్యాల్సొస్తుందని భయపడ్డాడని కూడా అంటారు.

మరుసటేడు బిడ్డ పుట్టువెంట్రుకలు తీయించడానికి బాలనర్సు మళ్ళీ వచ్చాడు. ఈసారి తెలివిగా ఊళ్ళోనే కల్దార్లు మార్చుకుని వచ్చాడంట. రేవులో దిగి, గొడుగు ముందు నుంచి కావాలని నెమ్మదిగా నడిచాడంట, నడుం మీద చెయ్యేసుకుని. వీరాస్వామి ఉండబట్టలేక, ఎంతకి మార్చావు నాయనా అని అడిగాడు. ‘ఏడుకు మూడున్నర. మా దిక్కు సేటు మంచోడు, రేవుల ఒక దొంగున్నడు, గాడు మూడే ఇస్తడు, ఈడనే తీస్కపో అన్నడు’ అని చెప్పాడు బాలనర్సు. వీరాస్వామి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయంట. ‘నేను నాలుగిచ్చేవాణ్ణి కదయ్యా’ అన్నాడంట. తరవాత ఆ హాలీలూ పోయాయి, కల్దార్లూ పోయాయి, నిజామూ పోయాడు, ఇంగ్లీషువాళ్ళూ పోయారు. అచ్చాయమ్మ మాత్రం బతికున్నన్నాళ్ళూ వీరాస్వామికి మాడు విడిగా తీసి ఉంచేదంట, అడక్కుండానే వేసేది. ఆకెత్తినందుకు అంతే, క్షమాపణలూ గట్రా చెప్పుకోలేదు. సరే, రామకోటీ, ఇంకో గంప ఇటు తోయించు. నిన్నేమీ అనలేదు నేను. మొన్న నీ కొట్లో కార్డు గీకి అయిదొందలు తీసుకుంటే పది కోసుకున్నావు, అదీ ఏమీ అనను, మీ ముత్తాతతో చూస్తే నువ్వు దానకర్ణుడివి. కాకపోతే పోయిన వారం నేనిచ్చిన రెండొందల నోటు వెలుతురుకి ఎత్తిపట్టి, తిప్పి తిప్పి చూసి, ‘ప్చ్’ అన్నావు చూడు, అప్పుడు నాకు ఆ రేవూ ఆ గొడుగూ కళ్ళకి కట్టినట్టు కనపడ్డాయి నాయనా.